అలుగు, ఈటె, చ్యవనుడు: ప్రవాహంలో వేటపై ఒక ధర్మవిచారణ

నీటి అడుగుకు దిగి, అక్కడ బతుకుతున్న ప్రాణిని ఎదురుగా చూసి, ఈటెతో పొడిచి పైకి తెచ్చే వేటను ధర్మదృష్టితో విచారించబోయేవారికి మొదటే ఒక చిక్కు ఎదురవుతుంది. హింసను గురించి భారతీయ సంప్రదాయాలు చేసిన చర్చ దాదాపు అంతా నేల మీద నిలబడి చేసినది. అడవిలో జింకను కొట్టే రాజుకూ, అంగడిలో మాంసం అమ్మే వ్యాధుడికీ, నాగలితో మట్టిని పెళ్లగించే రైతుకూ, ఒడ్డున కాళ్లు ఆనించి వల లాగే జాలరికీ ఆ చర్చలో చోటు ఉంది. వీరిలో ఎవరూ తాము పీల్చే గాలిని లెక్కపెట్టుకుంటూ చంపినవారు కారు. నీటి అడుగు వేటగాడి సంగతి వేరు. తన ఊపిరి ఇంకా ఎంతసేపటికి సరిపోతుందో చూసుకుంటూ అతను తనది కాని చోటికి వెళ్లి, ఆ చోటు సొంతమైన ప్రాణిని తీసుకువస్తాడు. ప్రవాహం వడిగా ఉన్నప్పుడు తిరిగి వస్తాడన్న పూచీ కూడా ఉండదు. ఇలా తన ప్రాణాన్ని పణంగా పెట్టినందువల్ల ఎదుటి ప్రాణాన్ని తీసే అధికారం అతనికి కలుగుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

విచారణకు ముందు మాటల అర్థాలు స్థిరపరచుకోవాలి. స్కూబా అంటే ఒత్తిడి పెట్టి నింపిన గాలి సిలిండరును వీపున కట్టుకుని, నోట కరచిపట్టిన గొట్టం ద్వారా ఆ గాలిని పీలుస్తూ నీటి కింద తిరిగే పద్ధతి. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన సాధనంతో ఇది నేటి రూపం దాల్చింది. అంతకు ముందు ఏడాది కూస్తో తీసిన తొలి నీటి అడుగు చిత్రం, ఊపిరి బిగబట్టి ఈటెలతో చేపలను వేటాడడాన్ని గురించినది కావడం గమనించదగ్గది. సముద్రాన్ని కాపాడుకోవాలని తరువాత లోకమంతటా చెప్పిన మనిషి ఆ సముద్రంలోకి అడుగుపెట్టింది వేటను చూపిస్తూనే. ఇక ఈటె వేట అంటే చేతితో విసిరేది గాని, రబ్బరు పట్టీని లాగి వదిలితే దూసుకుపోయేది గాని, మొనదేలిన కడ్డీతో ఒక్కొక్క చేపనే ఎంచుకుని కొట్టడం. దీన్ని సిలిండరు సాయంతోనూ చేయవచ్చు, బిగబట్టిన ఒక్క ఊపిరి మీదనూ చేయవచ్చు. ఈ రెండింటి మధ్య తేడా పైకి సాధనాల తేడాలా కనిపించినా, ధర్మవిచారణలో అది చాలా దూరం వెళ్తుంది.

ఖమ్మం జిల్లాలోని వైరాలో ఈ వినోదం లేదు. మున్నేరులో కలిసే వైరా నదికి అడ్డంగా నిజాం పాలనలో, 1930 ప్రాంతంలో కట్టిన జలాశయం నిండితే నీటిమట్టం పద్దెనిమిది అడుగుల చిల్లర; దాని కింద సాగయ్యే భూమి సుమారు 17 వేల ఎకరాలు. ఆ నీటిలోకి వీపున సిలిండరుతో దిగవలసిన పని ఎవరికీ రాదు. అయితే ప్రవాహానికీ వేటకూ ఉన్న సంబంధాన్ని చూడడానికి వైరాకు మించిన చోటు వెతకనక్కరలేదు. జలాశయం నిండి అలుగు పారినప్పుడు, అంటే కట్టకు చేటు రాకుండా మిగులు నీటిని వదలడానికి కట్టిన రాతి అంచు మీదుగా నీరు దూకినప్పుడు, దిగువ వాగులోని చేపలు ఆ వడికి ఎదురెక్కుతాయి. ఎదురెక్కే చేపకు దారి ఇరుకు, నీరు లోతు తక్కువ, ఒంట్లోని బలమంతా ప్రవాహంతో పెనుగులాడడానికే ఖర్చవుతూ ఉంటుంది. కాబట్టి అలుగు దగ్గర చేపను పట్టడానికి నేర్పు అక్కరలేదు. విసురువల, ఊత, చివరికి కర్ర కూడా సరిపోతుంది. అలుగు పారిందంటే తెలంగాణ పల్లెల్లో అది పండుగతో సమానం, ఆ పండుగలో చేపల పులుసుది పెద్ద వాటా.

ఇంత సులువైన వేట ఒక కొస అయితే, దాదాపు అసాధ్యమైన మునక రెండో కొస. ఖమ్మం ప్రాంతపు నీరు రెండు వైపులకు పోతుంది; వైరా, మున్నేరు కృష్ణను చేరితే, కిన్నెరసాని, తాలిపేరు గోదావరిని చేరతాయి. భద్రాచలం వద్ద 1986లో 75.6 అడుగులకూ, 2022 జులైలో 71 అడుగులు దాటీ లేచిన గోదావరి, ఇంకా దిగువన పాపికొండల మధ్య ఇరుకున పడి లోతుగా, సుడులతో పారుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగినప్పుడు, దాని జాడ తెలిసిన తరువాత కూడా వడి కారణంగా అడుగుకు దిగడం సాధ్యం కాక వారాల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఆ బోటును పైకి తీయగలిగింది వరద తగ్గి, మునకగాళ్లు దిగగలిగిన తరువాతే. నీటి వేగం రెండింతలైతే అది మనిషి దేహం మీద మోపే బలం నాలుగింతలవుతుంది. గంటకు రెండు కిలోమీటర్ల లోపు వేగానికి, అంటే ఒడ్డున మనిషి మెల్లగా నడిచే నడక కన్నా తక్కువ వేగానికి కూడా, సిలిండరు కట్టుకున్న మునకగాడు ఎంతోసేపు ఎదురు నిలవలేడు. నేల మీది అలవాటుతో ప్రవాహాన్ని అంచనా వేసినవారు దెబ్బతినేది అందుకే.

తెలుగువారికి ఈ సంగతి గజేంద్ర మోక్షణ కథతోనే తెలుసు. పోతన భాగవతంలో ఏనుగు మకరం కన్నా బలహీనమైనది కావడం వల్ల ఓడలేదు. మడుగులో మకరానికి స్థానబలం ఉంది, ఏనుగుకు అది లేదు. స్థానబలం అంటే తాను పుట్టి పెరిగిన చోటు ప్రాణికి ఇచ్చే బలం. స్కూబా సాధనాలన్నీ, లోతుగా చూస్తే, లేని స్థానబలాన్ని వీపున మోసుకువెళ్లే ప్రయత్నాలే. మొప్పలకు బదులు సిలిండరు, తోక రెక్కకు బదులు కాళ్ల తొడుగులు, చేప కంటికి బదులు గాజు ముసుగు. ఈ అరువు బలానికి వడ్డీ కూడా ఉంది. పది మీటర్ల లోతుకు వెళ్తే ఒత్తిడి ఉపరితలం మీదకన్నా రెండింతలై అదే సిలిండరు సగం సేపే వస్తుంది; ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని బుడగలై పొంగకుండా ఉండాలంటే పైకి మెల్లగా రావాలి, మధ్యలో ఆగాలి. గాలి అయిపోవచ్చిందని తెలిసినా తొందరపడడానికి వీలులేని చోటు అది. ఏనుగు చివరికి తన బలం మీది నమ్మకాన్ని వదులుకుంది. సిలిండరు ఉన్న మనిషికి ఆ వదులుకోవడం ఇంకొంత ఆలస్యం కావచ్చు, అంతే.

ఇక్కడే పాశ్చాత్య దేశాల చట్టాలలోని ఒక నియమం తాత్త్వికుడిని ఆకర్షిస్తుంది. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల్లో సిలిండరు గాలితో మునిగి ఈటె వేట చేయడం నిషిద్ధం. వేటాడదలచినవాడు ఊపిరి బిగబట్టి మాత్రమే దిగాలి. చట్టం దృష్టిలో ఇది చేపలు అంతరించకుండా చేసిన ఏర్పాటు, అందులో రహస్యం ఏమీ లేదు. కానీ దాని వెనుక పనిచేసే న్యాయాన్ని తెలుగులో చెప్పడం ఇంగ్లీషులో చెప్పడం కన్నా తేలిక. తెలుగులో ప్రాణం అంటే బతుకూ, ఊపిరీ కూడా. ప్రాణాయామంలోని ప్రాణమూ, ప్రాణం పోవడంలోని ప్రాణమూ ఒకటే మాట. తన ఒక్క ప్రాణం ఆగినంతసేపే ఇంకొక ప్రాణం మీద చేయి వేయవచ్చు, ఊపిరి అందనప్పుడు వేట ముగిసినట్టే అని ఆ నియమం చెబుతున్నది. మనిషి ఆకలికి హద్దు లేదు, తుపాకికీ వలకూ యంత్రానికీ హద్దు లేదు, ఊపిరికి ఉంది. ఆ హద్దును సిలిండరు తొలగిస్తుంది, నియమం తిరిగి తెచ్చిపెడుతుంది.

హద్దు ఉండడం వేరు, అధికారం ఉండడం వేరు. ఊపిరి బిగబట్టినవాడు, ప్రవాహంలో ప్రాణానికి తెగించినవాడు, ‘నేనూ చావడానికి సిద్ధపడ్డాను కనుక ఇది సమానమైన పోరు’ అనుకోవడం సహజం. ఇది మన ఇతిహాసాలు యుద్ధానికి వర్తింపజేసిన తర్కం. యుద్ధంలో అది చెల్లుబాటు కావడానికి కారణం రెండు వైపులా తెలిసి దిగినవారే ఉండడం. చేప ఆ పందానికి ఒప్పుకోలేదు, దానికి పందెం వేసిన సంగతే తెలియదు. వేటగాడు తెచ్చిపెట్టుకున్న ప్రమాదం వల్ల చేపకు కలిగే నష్టంలో వీసమెత్తు కూడా తగ్గదు. ఒక మనిషి కొండ అంచున నడుస్తూ పక్కవాడి సొత్తు కాజేస్తే, పడిపోయేవాడే గదా అని దొంగతనాన్ని మన్నించము. సాహసం సాహసిని గురించి ఏదో చెబుతుంది. అతను తీసుకున్నదాని మీద అతనికి హక్కు ఉందో లేదో చెప్పదు.

ప్రవాహాన్ని గురించి మాత్రం ఈ నేల మీద పాతదైన ఆలోచన ఒకటి ఉంది. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు నేలకొండపల్లి. ఖమ్మం జిల్లాలోని ఆ ఊళ్లోనే పురాతనమైన పెద్ద బౌద్ధ స్తూపం కూడా ఉంది. ఊరివారు చాలాకాలం ఆ శిథిలాలను విరాటరాజుతో ముడిపెట్టి చెప్పుకున్నారు, అంటే బుద్ధుడి దిబ్బ మీద భారతం మొలిచింది. బౌద్ధంలో సంసారాన్ని ఓఘం అంటారు, అంటే ఉధృతమైన వెల్లువ. కామం, భవం, దృష్టి, అవిద్య అని అది నాలుగు పాయలు. పాలి సంయుత్త నికాయం మొదటి సుత్తంలో ఒక దేవత బుద్ధుడిని వెల్లువను ఎలా దాటావని అడిగితే, ఆగకుండానూ పెనగకుండానూ దాటానని ఆయన చెబుతాడు; ఆగితే మునిగిపోయాడట, పెనగితే కొట్టుకుపోయాడట. వ్యాఖ్యాతలు దీన్ని మధ్యమ మార్గానికి సంకేతంగా తీసుకున్నారు, అది సరైనదే. అయితే వడి నీటిలో మునిగేవారికి నేడు నేర్పే మొదటి పాఠం అచ్చంగా ఇదే కావడం చూస్తే, ఆ మాట నదిని ఎరిగినవారి నోట పుట్టిందని అనిపించక మానదు. ఎదురీదితే గాలి ఖర్చవుతుంది, గుండె దడ పెరుగుతుంది; రాతిని పట్టుకుని ఆగితే నీరు ముసుగును ఊడదీస్తుంది; ప్రవాహం తీసుకుపోయే దిశలోనే పోతూ, అడ్డంగా కొద్దికొద్దిగా జరుగుతూ, బండ చాటు నెమ్మది నీటికి చేరాలి.

ఈ ఉపమానంలో చేప స్థానం ఏమిటన్నది ఆసక్తికరమైన ప్రశ్న. పారే నీటిలో చేప సాధారణంగా ప్రవాహానికి ముఖం పెట్టి నిలుస్తుంది. మొప్పల గుండా నీరు పారడానికీ, కొట్టుకొచ్చే మేతను అందుకోవడానికీ, చోటు జారిపోకుండా ఉండడానికీ అదే అనువైన నిలుపు. పక్క వెంట బారుగా ఉండే పార్శ్వరేఖ అనే ఇంద్రియంతో నీటిలోని చిన్న కదలికను కూడా అది పసిగడుతుంది. బౌద్ధ గ్రంథాలు ప్రవాహానికి ఎదురుపోయేవాడిని, అంటే కోరికల ఒరవడికి లొంగనివాడిని మెచ్చుకుంటాయి. మనిషి కొట్టుకుపోతూ దాటవలసిన చోట చేప నిలకడగా ఎదురునిలుస్తున్నది. వేటగాడు అక్కడికి చేరేది ప్రవాహం మోసుకొస్తేనే, చేప అక్కడ ఉన్నది తన బలంతోనే. ఉపమానాన్ని ఇంతకు మించి లాగితే తెగుతుంది, కాబట్టి ఇక్కడ వదలాలి.

నీటి అడుగు సహవాసాన్ని నేరుగా తాకిన కథ మహాభారతంలోని ఆనుశాసనిక పర్వంలో ఉంది. తెలుగులో ఆ పర్వం తిక్కన సోమయాజిది. చ్యవన మహర్షి ఉదవాసం అనే వ్రతం పట్టాడు. ఉదవాసం అంటే నీటిలోనే నివసించడం. గంగా యమునలు కలిసేచోట, ఆ రెండు ప్రవాహాల ఒరవడిని తలతో భరిస్తూ, ఆయన పన్నెండేళ్లు నీటి అడుగున ఉన్నాడు. చేపలు మొదట దూరంగా తిరిగి, తరువాత దగ్గరై, ఆయన మూతిని వాసన చూసేంత చనువు తెచ్చుకున్నాయి. ఒకనాడు జాలరులు పెద్ద వల వేసి లాగితే చేపలతోపాటు ఒంటినిండా నాచుతో, గవ్వలతో మహర్షి కూడా ఒడ్డుకు వచ్చాడు. గట్టున పడి కొట్టుకుంటున్న చేపలను చూసి ఆయన నిట్టూర్చాడు. భయపడి సాగిలపడిన జాలరులతో, తాను వీటితో కలిసి బతికినవాడిని కనుక వీటితోనే చస్తాను, లేదా వీటితోనే అమ్ముడుపోతాను, విడిచిపోలేను అన్నాడు. విషయం నహుష మహారాజుకు తెలిసింది. రాజు వెయ్యి నాణేలు ఇస్తానన్నాడు, లక్ష అన్నాడు, కోటి అన్నాడు, సగం రాజ్యం అన్నాడు, చివరికి మొత్తం రాజ్యం అన్నాడు. ఏదీ తనకు తగిన వెల కాదన్నాడు చ్యవనుడు. చివరికి ఆవు కడుపున పుట్టిన ఒక ముని వచ్చి, ఒక ఆవే తగిన వెల అని తేల్చాడు. జాలరులు ఆ ఆవును మహర్షికే సమర్పించగా, ఆయన దీవెనతో జాలరులు, వారు పట్టిన చేపలు కలిసి స్వర్గానికి వెళ్లారు.

ఈ కథను ధర్మరాజుకు చెప్పినవాడు భీష్ముడు, అంటే గంగ కొడుకు. చేపలు పట్టి బతికే తెలుగు కులాల్లో ఒకటి తనను గంగపుత్ర అనే పిలుచుకుంటుంది. పండితులు ఎక్కువగా దీన్ని గోమహిమ చెప్పే కథగా చదివారు. ఆ చదువుకు ఆధారం ఉంది, కానీ కథ సగం అక్కడ మరుగున పడుతుంది. ధర్మరాజు అడిగిన ప్రశ్నలో సహవాసం వల్ల కలిగే దయ కూడా ఉంది. చ్యవనుడు వేట మానమని జాలరులకు చెప్పలేదు, చేపలను నీటిలో వదలమని అడగలేదు, వారిని శపించలేదు. కోపానికి పేరు పడిన భృగువంశంలో పుట్టినవాడు శపించకపోవడం కొంచెం ఆశ్చర్యమే. తాను ఎవరితో కలిసి నీటిలో ఉన్నాడో వారి గతే తన గతి అన్నాడు, అంతే. తనకు మాత్రమే విడుదల దొరికే అవకాశం ఉన్నప్పుడు దాన్ని కాదన్నాడు.

ఈ కథ పక్కన ఈటె పట్టిన మునకగాడిని నిలబెడితే అతని స్థితిలోని విచిత్రం బయటపడుతుంది. చ్యవనుడికి పన్నెండేళ్ల సహవాసం ఉంది, ఆయుధం లేదు. జాలరులకు ఆయుధం ఉంది, సహవాసం లేదు. వల నీటి లోపల ఏం చేస్తున్నదో వారు చూడలేదు, చూసి ఉంటే మహర్షి మీద వేసేవారు కారు. మునకగాడికి ఒక గంట సహవాసమూ ఉంది, చేతిలో ఆయుధమూ ఉంది. అతను చేప ముందుకు వెళ్లి, అది తన కదలికకు అలవాటు పడేదాకా కదలకుండా ఉండి, అది తనను శత్రువుగా లెక్కించడం మానుకున్న క్షణంలోనే కొడతాడు. మంచి వేటగాడి నేర్పు అంతా ఆ నమ్మకాన్ని సంపాదించడంలోనే ఉంది. ఈ మూడో మనిషికి సంప్రదాయంలో సిద్ధంగా ఉన్న పీట లేదు. అతన్ని జాలరి పక్కన కూర్చోబెడితే చూపు లెక్కలోకి రాదు, ముని పక్కన కూర్చోబెడితే ఈటె అడ్డొస్తుంది.

చూపు ఎందుకు ముఖ్యమంటే, మన దర్శనాలు హింసను కొలిచిన తూకం మనసే. బౌద్ధులకు కర్మ అంటే చేతన, అంటే సంకల్పం. జైనుల తత్త్వార్థ సూత్రం ప్రమత్తతతో, అంటే ఏమరుపాటుతోనో రాగద్వేషాల మత్తుతోనో ప్రాణం తీయడాన్ని హింస అని నిర్వచించింది. అరణ్య పర్వంలో మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పిన నీతిలో, నాగలి కింద ఎన్నో జీవులు చస్తాయి కనుక పూర్తిగా అహింసకుడు లోకంలో ఎవడూ లేడన్న మాట ఉంది; తాను స్వయంగా చంపనని కూడా అతను చెప్పుకుంటాడు. చూడలేదనో, అనుకోలేదనో, స్వయంగా చంపలేదనో చెప్పే తెరల చాటున వలవాడు, రైతు, వ్యాధుడు కొంతవరకు నిలబడగలరు. ఈటె పట్టినవాడికి తెర లేదు. ఏ చేపను చంపాలో అతను ఎంచుకున్నాడు, అది పెద్దదా చిన్నదా చూశాడు, దాని కన్ను చూశాడు. నీటిలో అద్దం గుండా చూస్తే వస్తువు నిజం కన్నా మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. కాబట్టి దూరం నుంచి కొట్టానన్న సాకు కూడా దొరకదు. చేపకు బాధ ఉందా అన్నది చాలాకాలం వాదంగా ఉన్నా, 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేప తలలో గాయాన్ని గుర్తించే నాడులను చూపించిన తరువాత, లేదని తేలికగా అనడం కష్టమైంది.

అయితే ఈ తెర లేకపోవడమే ఈటె వేటకు ఉన్న ఒకే ఒక్క నైతిక గుణం అని కూడా చెప్పాలి. వల అవసరం లేనివాటినీ తెస్తుంది, పిల్లలనూ తెస్తుంది. విషం, మందుగుండు నీటిలోని సమస్తాన్నీ చంపుతాయి. 1897 నాటి మత్స్య చట్టం ఈ రెండింటినే పేరుపెట్టి నిషేధించింది, అప్పటికే అవి వాడుకలో ఉండబట్టి. ఈటె ఒక్కదాన్నే, ఎంచినదాన్నే తీసుకుంటుంది. ఎంచుకోగలిగినవాడు వదిలిపెట్టగలడు కూడా. చూసినందువల్ల వేటగాడి తప్పు పెరుగుతుంది, అదే చూపు వల్ల అతనికి ఆగే వీలు కలుగుతుంది. ఈ రెండూ ఒకే చోట పుట్టేవి. ప్రాణానికి తెగించడం అధికారాన్ని ఇవ్వదని పైన అన్నాము. దిగి చూడడం కూడా అధికారం ఇవ్వదు, పూచీని ఇస్తుంది.

ఆకలికీ వినోదానికీ తేడా లేదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఉంది, పెద్ద తేడానే ఉంది, దాని మీద ఎక్కువ మాటలు అక్కరలేదు. వైరా జలాశయం మీద బతికే మత్స్యకారుల వలనూ, సెలవు రోజున సరదాకు కొట్టే ఈటెనూ ఒకే తక్కెడలో పెట్టడం అన్యాయం. భద్రాచలం అడవుల్లోని కోయలు కొత్త పంటను దేవతలకు పెట్టకుండా నోట వేసుకోరు. ఆ ఆచారంలో తీసుకోవడానికి ముందు అడగడం అన్న పద్ధతి ఉంది, వినోదపు వేటలో అడగవలసినవారే లేరు. పైగా చంపిన చేయి ఒక్కటే హంతకుడు కాదని మనుస్మృతి అంటుంది; అనుమతించినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరినీ ఆ వరుసలో చేరుస్తుంది. అంగట్లో తూకం వేయించుకుని సంచిలో వేసుకున్నవారు మునకగాడి క్రూరత్వాన్ని చూసి ముక్కు మీద వేలు వేసుకోవడానికి వీలులేదు.

హక్కు లేదు, కానీ ఆకలి ఉంది, ఆగే వీలు ఉంది. అప్పుడు ఎక్కడ ఆగాలి? దీనికి ఆదిపర్వంలో ఒక జవాబు ఉంది. పాండురాజు వేటలో జోడు కూడి ఉన్న జింకలను కొట్టాడు. మగ జింక రూపంలో ఉన్నది కిందముడనే ముని. రాజులకు మృగాలను వేటాడడం ధర్మమేనని, అగస్త్యుడంతటివాడు వేటాడాడని పాండురాజు వాదించాడు. ముని ఆ వాదాన్ని కాదనలేదు. తనను చంపినందుకు నిందించడం లేదని, సంగమం ముగిసేదాకా ఆగనందుకే నిందిస్తున్నానని చెప్పి శపించాడు. వేట చేయవచ్చా అన్న ప్రశ్నను పక్కకు తప్పించి, ఎప్పుడు చేయకూడదన్న ప్రశ్నను ముందుకు తెచ్చిన అరుదైన ఘట్టం ఇది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటను ఆపే ప్రభుత్వ ఉత్తర్వు, దాని భాష ఎంత పొడిగా ఉన్నా, కిందముడి మాటకు దగ్గరి చుట్టమే.

వైరా అలుగు దగ్గర ఈ మాట మరింత సూటిగా తగులుతుంది. బొచ్చె, రోహు, మోసు జాతుల చేపలు నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు కొత్తనీరు, ప్రవాహపు ఒరవడి కావాలి. 1957 జులై 10న హీరాలాల్ చౌదరి ఒడిశాలో సూదిమందుతో వాటి చేత గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించే వరకు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడవలసి వచ్చేది. వైరాలో ఉన్న చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం వంటివి ఆ విద్య మీదే నడుస్తున్నాయి. తల్లిచేప కిలో బరువుకు రెండు మూడు లక్షల గుడ్లు మోస్తుంది. శ్రావణంలో అలుగు వడికి ఎదురెక్కే చేప మేత కోసం రావడం లేదు, కడుపులోని భారాన్ని దించుకునే చోటు కోసం వస్తున్నది. అందుకే దానికి కర్ర దెబ్బను తప్పించుకునే ఓపిక ఉండదు. చేప గుడ్లను తెలుగులో జన అంటారు. అలుగు పారిన మర్నాడు రోడ్డు పక్కన గోనెపట్టా పరచి చేపలు పోసినప్పుడు, కొనేవారు ఒక్కొక్కదాని పొట్ట బొటనవేలితో నొక్కి చూసి, జన ఉన్నదాన్నే ఏరి తూకం వేయిస్తారు.